వాడుకరి మాట వినే సాధనం ఏది? పరకాల పత్తి యాప్ నేపథ్యంలో ఒక సమీక్ష

2025 వానాకాలం పత్తి చేతికొచ్చేసరికి రైతుకు కొత్త పని ఒకటి వచ్చిపడింది. భారత పత్తి సంస్థ (సీసీఐ)కు మద్దతు ధరకు అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ అనే మొబైల్ యాప్‌లో పేరు నమోదు కావాలి. అందులోనే స్లాట్ బుక్ చేసుకోవాలి. స్లాట్ దొరికిన రోజున, దొరికిన జిన్నింగ్ మిల్లుకే బండి తోలాలి. పొడుగు పింజ పత్తికి ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. బయటి వ్యాపారి దగ్గర ఆ ధర రాలేదు కాబట్టి యాప్ నచ్చినా నచ్చకున్నా రైతుకు తప్పలేదు. పరకాల, నడికూడ, శాయంపేట, ఆత్మకూరు మండలాల్లో పత్తి వేసిన ఇళ్లన్నిటికీ ఇదే పరిస్థితి.

ఫిర్యాదులు వచ్చాయి. ఓటీపీ రావడం లేదన్నారు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు లేదన్నారు. స్లాట్ దొరకడం లేదని, దొరికినా మిల్లులో కొనడం లేదని, పంట నమోదులో విస్తీర్ణం తప్పు పడిందని, ఎకరానికి ఏడు క్వింటాళ్లే కొంటే మిగతాది ఎక్కడ అమ్ముకోవాలని అడిగారు. వీటిలో కొన్ని పత్రికలకెక్కాయి. కొన్ని కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీలయ్యాయి. యాప్ రాసినవాళ్ల దాకా ఒక పద్ధతిగా చేరినవి ఎన్ని అన్నదే అసలు ప్రశ్న.

కొత్త సాఫ్ట్‌వేర్‌తో జనం ఎక్కడ ఆగిపోతున్నారో తెలుసుకోవడానికి ఏ సాధనం ఎంచుకోవాలన్న చర్చ ప్రపంచంలో నలభై ఏళ్లుగా నడుస్తోంది. స్టార్ రేటింగులా, సర్వే ఫారాలా, ఓట్లు వేసే బోర్డులా, ఫోన్ కాల్సా, ఊళ్లో కూర్చొని వినడమా? ఒక్కో సాధనానికి గట్టి సమర్థకులున్నారు. చర్చ ఇంతగా చిక్కుపడటానికి కారణం, ఒక్కొక్కరు ఒక్కో రకం వాడుకరిని మనసులో పెట్టుకొని మాట్లాడటమే. నగరంలో ఫోన్ మార్చినంత తేలిగ్గా యాప్ మార్చే వినియోగదారుడు ఒకరి లెక్క. యాప్ తప్పనిసరి అయిన పత్తి రైతు మరొకరి లెక్క. ఈ వ్యాసం రెండో మనిషి వైపు నుంచి ఆ వాదాలన్నిటినీ చూస్తుంది.

అర్జీ నుంచి యాప్ దాకా

తెలుగు నేలపై ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ చాలాకాలం జనం చేతికి రాలేదు. 2001లో హైదరాబాద్‌లో ఈ-సేవ, 2011లో మీసేవ మొదలైనప్పుడు తెర ముందు కూర్చున్నది ఆపరేటర్. సర్టిఫికెట్ రాకపోతే మనిషి ఆపరేటర్‌ను అడిగేవాడు, అక్కడా తెగకపోతే సోమవారం ప్రజావాణికి అర్జీ పట్టుకుపోయేవాడు. సాఫ్ట్‌వేర్ లోపాలు మొదట తెలిసేది ఆపరేటర్‌కే. కానీ ఆయనకు తెలిసినదాన్ని పైకి చేర్చే పద్ధతి మీద ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. ఈ నిర్లక్ష్యం ఇప్పటికీ కొనసాగుతోంది. దాని సంగతి తర్వాత.

ఇదే కాలంలో మరో సంప్రదాయం పుట్టింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో కూలీల మస్టర్లు, చెల్లింపులు మొదటి నుంచీ కంప్యూటర్ మీదే నడిచాయి. ఆ కంప్యూటర్ ఏం చెబుతోందో అచ్చు తీసి, ఊరి సభలో చదివి, ‘ఈ డబ్బు నీకు ముట్టిందా’ అని పేరు పేరునా అడిగేదే సామాజిక తనిఖీ. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థ కూడా ఏర్పడింది. సాఫ్ట్‌వేర్‌పై అభిప్రాయం అడుగుతున్నామని అక్కడ ఎవరూ అనుకోలేదు. అయినా తెరమీది సమాచారానికీ ఊళ్లోని నిజానికీ మధ్య తేడాను బయటపెట్టడంలో దానికి సాటి వచ్చిన సాధనం మన దగ్గర ఇంకొకటి లేదు.

భూమి రికార్డుల పోర్టల్ ధరణి ఈ చరిత్రలో మలుపు. 2020 అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ప్రారంభమైన ఆ పోర్టల్‌లో తప్పులు దిద్దించుకోవాలంటే పోర్టల్‌లోనే దరఖాస్తు పెట్టాలి. కొత్త రకం సమస్య బయటపడినప్పుడల్లా కొత్త మాడ్యూల్ చేరింది. చివరికి అవి 33 అయ్యాయి. నిషేధిత జాబితాకు ఒకటి, డేటా సవరణకు ఒకటి, ఇలా ప్రతిదానికీ ఒక సంఖ్య. తన బాధ ఏ సంఖ్య కిందికి వస్తుందో రైతే తేల్చుకోవాలి. అది తప్పితే దరఖాస్తు తిరిగొచ్చేది. వినడానికి పెట్టిన ఏర్పాటును వాడుకోవాలంటే నిపుణుడి సాయం కావలసి వచ్చింది.

2024లో ప్రభుత్వం వేసిన కమిటీ దీన్ని పరిశీలించింది. ఆ ఆగస్టులో కొత్త భూమి చట్టం ముసాయిదాను భూపరిపాలన ప్రధాన కమిషనర్ (సీసీఎల్ఏ) వెబ్‌సైట్‌లో పెట్టి సూచనలు కోరారు, కలెక్టరేట్లలో చర్చలు జరిపారు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి మొదలైంది. మాడ్యూళ్లు ఆరుకు తగ్గాయి. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి, బల్ల వేసుకొని కూర్చొని కాగితం మీద అర్జీలు తీసుకున్నారు. రాష్ట్రవ్యాప్తంగా ఎనిమిది లక్షలకు పైగా వచ్చాయి. అవి భూమి తగాదాలే తప్ప సాఫ్ట్‌వేర్‌పై అభిప్రాయాలు కావనే అభ్యంతరం ఉంది. అందులో కొంత నిజముంది. కానీ ఆన్‌లైన్ దారి దాదాపు అయిదేళ్లుగా తెరిచే ఉన్నా అన్ని అర్జీలు ఊళ్లలో మిగిలాయంటే, ఆ దారి ఎవరికి అందిందో ఆలోచించాలి.

అంకెల వాదం

అభిప్రాయాన్ని ఒక సంఖ్యగా మారిస్తేనే పోల్చగలం, మెరుగుదల కొలవగలం అనేది ఈ వాదం. దీని పెద్ద దిక్కు 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్. పది వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ఎంతవరకు ఒప్పుకుంటారో అయిదు మెట్లలో చెప్పాలి. చివరికి నూటికి ఇన్ని అని లెక్క వస్తుంది. 68 సగటు అని స్థూలంగా పరిగణిస్తారు. నలభై ఏళ్లుగా నిలిచిందంటే దానికి బలం ఉన్నట్టే. కాకపోతే అందులో ఒక వాక్యం మెచ్చుకోలుగా, తర్వాతిది తప్పుపడుతూ ఉంటుంది. చదువు అలవాటు లేని మనిషికి తెలుగులో చదివి వినిపిస్తే ‘ఇది అనవసరంగా చిక్కుగా లేదని మీరు ఒప్పుకోరా’ వంటి గందరగోళానికి దారితీస్తుంది. కాగితం మీద సంఖ్య వస్తుంది, దాని వెనక అర్థం ఉండదు.

రెండోది 2003లో ఫ్రెడ్ రైక్‌హెల్డ్ ప్రచారంలోకి తెచ్చిన నెట్ ప్రమోటర్ స్కోర్. ‘దీన్ని మీ స్నేహితుడికి సిఫారసు చేస్తారా’ అని సున్నా నుంచి పది వరకు అడిగే ఒకే ప్రశ్న. వ్యాపార ప్రపంచం దాన్ని నెత్తిన పెట్టుకుంది. 2007లోనే టిమోథీ కైనింగ్‌హామ్ బృందం దాని గొప్పలను గణాంకాలతో ప్రశ్నించింది. ఆ వాదోపవాదం మనకు అంత ముఖ్యం కాదు. యాప్ లేకుండా మద్దతు ధరకు పత్తి అమ్ముడుపోని చోట ‘సిఫారసు చేస్తారా’ అన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఎంచుకునే స్వేచ్ఛ లేని చోట ఇష్టాన్ని కొలవలేం.

మూడోది ప్లే స్టోర్ స్టార్లు. ఖర్చు లేదు, అందరికీ కనిపిస్తాయి, అధికారులు పట్టించుకుంటారు. 2019 నుంచి గూగుల్ ఇటీవలి రేటింగులకు ఎక్కువ విలువ ఇస్తోంది కాబట్టి యాప్ మెరుగైతే ఆ సంగతి స్టార్లలో కొంతైనా తెలుస్తుంది. కానీ ఏడు క్వింటాళ్ల పరిమితి మీద కోపం, సర్వర్ మీద కోపం, తేమ శాతం పేరుతో ధర తగ్గించిన కొనుగోలుదారు మీద కోపం అన్నీ ఒకే స్టార్‌గా పడతాయి. ఇంజినీరు దాన్ని చూసి ఏం దిద్దాలి?

పక్కన కూర్చొని చూసే వాదం

అడగొద్దు, చూడండి అంటుంది ఇది. జేకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క ఆధారంగా, అయిదుగురు వాడుతుండగా గమనిస్తే ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని నీల్సన్ 2000లో రాశాడు. మరుసటి ఏడే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ కొన్ని వెబ్‌సైట్లను పరీక్షించి అయిదుగురు ఏ మూలకూ చాలరన్నారు. రెండు పక్షాలూ తమ పరిధిలో సరైనవే. ఒకే పని, ఒకే రకం మనుషులైతే అయిదుగురు చాలు. పనులు, మనుషులు మారేకొద్దీ సంఖ్య పెరగాలి.

పరకాల వంటి చోట ఈ అయిదుగురు ఎవరన్నదే తేలాలి. స్మార్ట్‌ఫోన్ ఉన్న యువరైతు, కీప్యాడ్ ఫోనున్న పెద్దాయన, ఇంటాయన పేరున పాస్‌బుక్కు ఉండి తాను సేద్యం చేసే మహిళ, కౌలు రైతు, నలుగురి పేర్లు తానే నమోదుచేసే మీసేవ ఆపరేటర్. వీరిలో ఒక్కరు తప్పినా పరీక్ష ఫలితం వేరుగా ఉంటుంది. ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, సమయం తక్కువ. పైగా దీన్ని విడుదలకు ముందే చేయవచ్చు. మన ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఒప్పందాల్లో దీనికి తప్పనిసరి స్థానం ఉండాలన్నది వాదించవలసిన విషయం కూడా కాదనిపిస్తుంది.

పెట్టె పెట్టి ఎదురుచూసే వాదం

సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా నమ్మేది దీన్నే. యాప్‌లో ‘అభిప్రాయం చెప్పండి’ అనే బటన్, గూగుల్ ఫారం, లేదా యూజర్‌వాయిస్, క్యానీ (Canny) వంటి బోర్డులు. వాడుకరులు తమ కోరికలు రాస్తారు, ఇతరులు ఓట్లు వేస్తారు, ఎక్కువ ఓట్లు పడ్డది ముందు చేస్తారు. సొంత సర్వర్‌లో పెట్టుకునేందుకు ఫైడర్, డిస్కోర్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లున్నాయి. ఒకరి సమస్య ఇంకొకరికి కనిపిస్తుంది, పని ఎంతవరకు వచ్చిందో అందరికీ తెలుస్తుంది. ఈ పారదర్శకత చిన్న గుణం కాదు.

బలహీనత ఏమిటంటే, పెట్టె దాకా నడిచి వచ్చినవాడే లెక్కలోకి వస్తాడు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో తెలంగాణలో సమాచారం సేకరించినప్పుడు, ఇంటర్నెట్‌ను ఎప్పుడైనా వాడిన మహిళలు నాలుగో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ తర్వాత పరిస్థితి మెరుగుపడినా అంతరం ఉంది. ఓటీపీ రాక లోపలికే వెళ్లలేకపోయిన మనిషికి యాప్ లోపలున్న అభిప్రాయ పత్రం కనిపించదు. అందరికన్నా ఎక్కువ ఇబ్బంది పడినవాడి మాటే ఆ పెట్టెలో పడదు.

చదువుకున్న వాడుకరులున్న చోట కూడా భాష అడ్డొస్తుంది. తెలుగు వికీపీడియా వాడుకరులు తమ ఇబ్బందులను రచ్చబండ పేజీలో తెలుగులో మాట్లాడుకుంటారు. ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు చూసేది 2014 నుంచి వాడుతున్న ఫాబ్రికేటర్ అనే సమస్యల నమోదు సైటును. అక్కడ వ్యవహారమంతా ఇంగ్లీషులో. రెండు చోట్లా తిరిగే కొద్దిమంది స్వచ్ఛంద సభ్యులే వంతెన. వాళ్లు లేకపోతే ఎంత మంచి బోర్డు ఉన్నా రచ్చబండ మాట రచ్చబండలోనే ఉండిపోతుంది.

మనమే వెళ్లి అడిగే వాదం

ఈ సమీక్షలో ఎక్కువ బరువు దీనికే ఇస్తున్నాను. కారణం, దీనికి మన నేల మీదే, గట్టిగా పరీక్షకు నిలిచిన రుజువులున్నాయి.

మొదటిది స్మార్ట్‌కార్డుల కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి కూలీలకు, పింఛనుదారులకు వేలిముద్రతో డబ్బు చెల్లించే కొత్త విధానం తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో, కోటీ 90 లక్షల జనాభా పరిధిలో దీన్ని అధ్యయనం చేశారు. మన పక్కనున్న ఖమ్మం, నల్గొండ, ఆదిలాబాద్ అందులో ఉన్నాయి. ఏ మండలంలో ముందు అమలు చేయాలో లాటరీ పద్ధతిన తేల్చారు కాబట్టి కొత్త పాత విధానాలను సరిగ్గా పోల్చడం కుదిరింది. కూలి డబ్బు త్వరగా అందుతోందని, మధ్యలో మాయమయ్యేది తగ్గిందని, లబ్ధిదారుల్లో అత్యధికులు కొత్త పద్ధతినే కోరుకుంటున్నారని తేలింది.

అయితే అదే సమయంలో ప్రభుత్వానికి కింది నుంచి అందుతున్న కబురు దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉంది. యంత్రం పనిచేయడం లేదని, జనం తిప్పలు పడుతున్నారని నివేదికలు వచ్చాయి. 2013లో ప్రభుత్వం ఈ విధానాన్ని ఎత్తేసే దాకా వెళ్లింది. ఆ అధ్యయనం లెక్కలు చూశాక వెనక్కి తగ్గింది. నష్టపోయినవాళ్లు, ముఖ్యంగా మధ్యలో మిగుల్చుకునే అవకాశం పోయినవాళ్లు, గట్టిగా మాట్లాడతారు. మేలు జరిగిన కూలి పనికి పోతాడు, ఎవరికీ ఫోన్ చేయడు. వచ్చిన ఫిర్యాదులను మాత్రమే లెక్కపెట్టి ఉంటే ఒక మంచి వ్యవస్థ రద్దయ్యేది. ఫిర్యాదుల పెట్టె నిశ్శబ్దంగా ఉంటే అంతా బాగుందనుకోవడం ఎంత తప్పో, అది నిండిపోతే అంతా చెడిపోయిందనుకోవడమూ అంతే తప్పు.

రెండోది 2018 నాటి రైతుబంధు. దాదాపు 57 లక్షల మంది రైతులకు చెక్కులు పంచిన ఆ తొలి విడతలో అదే పరిశోధకులు, జెఫ్రీ వీవర్‌తో కలిసి ఒక ప్రయోగం చేశారు. లాటరీలో ఎంపికైన ప్రాంతాల అధికారులకు ముందే ఒక మాట చెప్పారు: పంపిణీ ఎలా జరిగిందో రైతులకు ఫోన్ చేసి అడుగుతాం, దాన్నిబట్టి మీ పనితీరు కొలుస్తాం. అంతే. ఆ ప్రాంతాల్లో డబ్బు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా రైతుకు చేరిన ప్రతి రూపాయికి అయిన ఖర్చు నాలుగు పైసల లోపే. అడుగుతారన్న సంగతి తెలియడమే పనిని మార్చింది.

ఈ పద్ధతిలో రైతు మన దగ్గరికి రానక్కర్లేదు. జాబితాలోంచి లాటరీ తీసి, పేరు వచ్చిన మనిషికి తెలుగులో ఫోన్ చేసి మాట్లాడతాం. కీప్యాడ్ ఫోనైనా సరిపోతుంది. చదువు అక్కర్లేదు. ఎందరిలో ఎందరికి ఇబ్బంది వచ్చిందో నిష్పత్తి తెలుస్తుంది. ఇది పెట్టె ఎన్నటికీ చెప్పలేనిది.

ఇక్కడ ఐవీఆర్ఎస్‌ను వేరుగా చూడాలి. ‘బాగుంటే ఒకటి, బాగాలేకపోతే రెండు నొక్కండి’ అనే రికార్డు గొంతును తెలుగు రాష్ట్రాల్లో విరివిగా వాడుతున్నారు. చవక, వేగం. కానీ చాలామంది మధ్యలోనే పెట్టేస్తారు, రెండు నొక్కినవాడికి ఎందుకు నచ్చలేదో చెప్పే వీలుండదు. మనిషి చేసే ఫోన్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. గోదావరికి అవతల ఛత్తీస్‌గఢ్‌లో శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర ఇదే ఫోన్ వ్యవస్థను తిరగేసి వాడింది. జనం తమ భాషలో, గోండిలో సైతం, తమ మాట రికార్డు చేస్తారు. మోడరేటర్లు విని, సరిచూసి అందరికీ వినిపిస్తారు. సాంకేతికత అదే అయినా మాట్లాడే అవకాశం ఎవరి చేతిలో ఉందన్నది మారింది.

కంప్యూటర్ లాగ్‌లు

వాడుకరిని అడగకుండా సర్వర్ రికార్డులే చూడొచ్చనే వాదం ఒకటుంది. ఓటీపీ అడిగినవాళ్లలో ఎందరు లోపలికి రాగలిగారు, స్లాట్ తెరమీద ఎందరు ఆగిపోయారు అన్నవి ఈ లాగ్‌లు ఉచితంగా చెబుతాయి. ఎక్కడ ఆగారో చెబుతాయి, ఎందుకు ఆగారో చెప్పవు. అసలు యాప్ తెరవనివాళ్ల గురించి ఏమీ చెప్పవు. ఫోన్‌లో ఏం అడగాలో నిర్ణయించుకోవడానికి మాత్రం ఇవి చూసి తీరాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

కపాస్ కిసాన్ ఫిర్యాదులను మళ్లీ చూడండి. ఓటీపీ రాకపోవడం సాఫ్ట్‌వేర్ లోపం, ఇంజినీరు దిద్దాలి. విస్తీర్ణం తప్పు పడటం డేటా లోపం, పంట నమోదు చేసిన వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ), వ్యవసాయ శాఖ దిద్దాలి. స్లాట్ ఉన్నా మిల్లులో కొనకపోవడం కొనుగోలు కేంద్రం లోపం, మార్కెటింగ్ శాఖ, సీసీఐ స్థానిక సిబ్బంది చూడాలి. ఏడు క్వింటాళ్ల పరిమితి విధానం, దాన్ని మార్చగలిగేది పైనున్న ప్రభుత్వం. రైతుకు ఈ నాలుగూ ఒకటే, పత్తి అమ్ముడుపోలేదు. ఆయన ఒకేచోట, ఒకే మాటలో చెబుతాడు. విడదీసే బాధ్యత వినేవాడిది. ధరణి 33 మాడ్యూళ్లలో జరిగిన పొరపాటు, ఆ విడదీసే పని రైతు నెత్తిన పెట్టడమే.

ఈ గీటురాయి మీద చూస్తే స్టార్లు నాలుగింటినీ కలిపేస్తాయి. యాప్‌లోని పెట్టె మొదటిదాన్ని బాగా పట్టుకుంటుంది, మిగతావాటిని తన పని కాదని వదిలేస్తుంది. పక్కన కూర్చొని చూడటం సాఫ్ట్‌వేర్ లోపానికి అందరికన్నా మంచి సాధనం, విధానం గురించి దానికేమీ తెలియదు. గ్రామసభ, సామాజిక తనిఖీ డేటా లోపాన్ని పట్టడంలో ముందుంటాయి. ఎందుకంటే పొలం ఎంతో ఊరికి తెలుసు. కానీ అవి నెలల తర్వాత జరుగుతాయి, పత్తి సీజన్ ఆగదు. ఫోన్ సర్వే నాలుగింటినీ వినగలదు, ఏది ఎంత విస్తృతమో చెప్పగలదు. ఒక్కో కేసు లోతుకు మాత్రం వెళ్లలేదు. ఇక ఏఈఓల ద్వారా పొలం దగ్గరే సమాచారం తీసుకోవాలంటే ఓడీకే, కోబో టూల్‌బాక్స్ వంటి ఉచిత సాధనాలు సిగ్నల్ లేని చోట కూడా తెలుగు ప్రశ్నలతో పనిచేస్తాయి. గూగుల్ ఫారం అక్కడ చేతులెత్తేస్తుంది.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో దొరికి, అందరూ మరిచిపోయే సాధనం మీసేవ ఆపరేటర్. సీజన్‌లో ఒక ఆపరేటర్ ఎందరి నమోదులో చేయి పెడతాడో, ఏ తెర మీద ఎన్నిసార్లు మొదటికి వస్తాడో ఆయనకు కంఠతా ఉంటుంది. ఆయన ఏ యాప్ వాడుకరుల జాబితాలోనూ ఉండడు. ఎందుకంటే ప్రతిసారీ ఇంకొకరి పేరుతో లోపలికి వెళ్తాడు.

ఇంకా తేలనివి

కౌలు రైతు ప్రశ్న అన్నిటికన్నా పెద్దది. పాస్‌బుక్కు పట్టాదారు పేరున, ఓటీపీ పట్టాదారు ఫోన్‌కు, పంట మాత్రం కౌలుదారుది. లాటరీ తీసే జాబితా కూడా పట్టాదారులదే అయితే ఫోన్ సర్వే కూడా తప్పు మనిషినే పలకరిస్తుంది. జాబితాలో లేనివాళ్లను ఎలా వెతకాలన్నదానికి గ్రామసభ తప్ప ఇప్పటిదాకా ఎవరూ మెరుగైన జవాబు చూపలేదు.

భయం రెండోది. ప్రభుత్వం నుంచి ఫోన్ వస్తే చాలామంది ‘మంచిగనే ఉంది సార్’ అంటారు. లేదంటే వచ్చేది కూడా ఆగిపోతుందేమోనని జంకు. పథకం నడిపే శాఖ కాకుండా విశ్వవిద్యాలయం వంటి మూడో పక్షం ఫోన్ చేస్తే నిజం ఎక్కువ వినిపిస్తుందని కొందరంటారు. అప్పుడు విన్నదాన్ని దిద్దే అధికారం వినేవాడికి ఉండదని మరికొందరంటారు. రెండూ నిజమే, మధ్యేమార్గం ఇంకా కుదరలేదు.

గొంతుతో చెప్పించడం మూడోది. 2022లో మొదలైన భాషిణి వంటి ప్రయత్నాల వల్ల తెలుగు మాటను యంత్రం అక్షరాల్లోకి మార్చగలుగుతోంది. వాట్సాప్‌లో గొంతు సందేశం పంపడం చదువు రానివాళ్లకూ అలవాటైంది. ఈ రెండింటినీ కలిపితే పెద్ద అవకాశం. ఓరుగల్లు పల్లెల యాసను, ‘వస్తలేదు’, ‘పడుతలేదు’, ‘ఎక్కుతలేదు’ అనే మాటలను యంత్రం తప్పుగా రాసుకుంటే మాత్రం ఆ మాటలు లెక్కలోంచే జారిపోతాయి. విడుదలకు ముందు స్థానిక గొంతులతో పరీక్షించకుండా దీన్ని నమ్మలేం.

అనుమతి సంగతి ఒకటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అనుమతి కోరే నోటీసును ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో తనకు కావలసినదానిలో చదువుకునే వీలు మనిషికి ఉండాలని ఆ చట్టం అంటోంది. అభిప్రాయం పేరుతో ఫోన్, ఆధార్, సర్వే నంబర్లు సేకరించే ప్రతి సాధనానికీ ఇది గుర్తుండాలి.

జవాబు ఎవరివ్వాలన్నది చివరిది. చెప్పిన మాట ఏమైందో తిరిగి తెలియని చోట జనం రెండోసారి నోరు విప్పరు. ఏ సాధనం కొన్నా ఈ పని దానంతటది చేయదు, దానికి ఒక మనిషిని నియమించాలి.

పరకాలకు సరిపడేది

తప్పనిసరి ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌కు యాప్‌లోని ఫారం, స్టార్ రేటింగు ప్రధాన సాధనాలు కాకూడదు. వాటిని బగ్ నివేదికల కోసం ఉంచుకోవచ్చు. విడుదలకు ముందు పైన చెప్పిన అయిదు రకాల మనుషుల పక్కన కూర్చొని చూడాలి. సీజన్ నడుస్తుండగా వారం వారం లాటరీ తీసి రైతులకు మనిషి చేత ఫోన్ చేయించాలి, అలా చేస్తామని అధికారులకు ముందే చెప్పాలి. మీసేవ ఆపరేటర్లకు, ఏఈఓలకు తమ పేరుతోనే లోపాలు తెలిపే వేరే దారి ఇవ్వాలి. సీజన్ ముగిశాక గ్రామసభలో ఎవరి పత్తి ఎంత కొన్నారో చదివి వినిపించాలి, కౌలు రైతుల లెక్క అక్కడ తేలాలి. వీటిలో దేనికీ ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

వచ్చే వానాకాలం పత్తి నమోదు మొదలయ్యేలోగా సీసీఐ, వ్యవసాయ, మార్కెటింగ్ శాఖలు కనీసం ఒక్క డివిజన్‌లో ఈ ఏర్పాటు చేసి, ఏం విన్నారో, ఏం దిద్దారో తెలుగులో ప్రకటించాలి. హనుమకొండ జిల్లాలో దానికి పరకాల డివిజన్ తగిన చోటు. రైతు సంఘాలు, స్థానిక ప్రజాప్రతినిధులు కొత్త యాప్ ఏది వచ్చినా ‘ఇది ఎప్పుడు వస్తుంది’ అన్న ప్రశ్నతో పాటు ‘మాకు ఫోన్ చేసి ఎప్పుడు అడుగుతారు’ అని కూడా అడగాలి.